నంబర్ గీకేసిన ఐసీలు: కాల్చి డై తీసిన, మైక్రోస్కోపుల నల్లగనే కనబడుతుంది

పానగల్లు_ప్యానెల్
బోరు మోటరు స్టార్టర్‌ల పెట్టే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజ్ పోతే మోటరును ఆపేది) బోర్డులు మూడున్నయి. మూడూ ఒకటే రకం, ఒకటే ఉరుముల వానకు పోయినయి. బోర్డు మీద 14 కాళ్ల ఐసీ ఒకటి, 8 కాళ్లది ఒకటి. రెండింటి మీద నంబర్ గ్రైండర్‌తోటి గీకేసిన్రు, కాపీ కొట్టద్దని.

రెండు బోర్డులల్ల 14 కాళ్లవి తీసి బొగ్గుల మీద కాల్చిన. ఒకదాంట్ల డై, అంటే లోపలి సిలికాన్ బిళ్ల, రెండు ముక్కలైంది. ఇంకోటి నిండుగ వచ్చింది గని మీద తెల్లటి బూడిద పట్టి ఉన్నది, గుడ్డతోటి తుడిస్తే గీతలు పడ్డయి. యూఎస్‌బీ మైక్రోస్కోపు కింద పెడితే డై అంతా నల్లగ, అంచులొక్కటే మెరుస్తున్నయి. ఎల్ఈడీ వెలుగు పెంచితే తెల్ల చుక్కలు తప్ప ఏం కనబడ్తలేదు. డై నిండుగ తీసుడెట్ల? లోపల గీతలు కనబడేటట్టు చూసుడెట్ల? చూసినంక ఏ ఐసీనో గుర్తుపట్టుడెట్ల?

జడ్చర్ల_555
అసలు పగలగొట్టుడెందుకు? కరెంటు ఏ కాళ్లకు పోతుందో చూస్తే సగం తెలుస్తది. 14 కాళ్లదానికి ప్లస్ 4ల, మైనస్ 11ల ఉంటే 324, యాంప్లిఫయర్ ఐసీ. ప్లస్ 3, మైనస్ 12 అయితే 339, రెండు వోల్టేజీలను పోల్చే ఐసీ. ప్లస్ 14, మైనస్ 7 అయితే 4000 సిరీసో 74 సిరీసో లాజిక్ ఐసీ. 8 కాళ్లదానికి ప్లస్ 8, మైనస్ 4 ఉంటే 358, 393 జాతి. ప్లస్ 8, మైనస్ 1 అయితే 555. మీటరు తోటి అయ్యే పనికి కుంపటి ఎందుకు పెడ్తున్నవు.

మిర్యాల_నూకలు
వడ్లు పట్టించి బియ్యం తీసినట్టు ఐసీ కాల్చి డై తీస్తున్నడు. ఒకటి నూకలైంది, ఒకటి పాలిష్ పోయింది. మా మిల్లుల గూడ గింతే.

పాలమూరు_పొర
555 గారు చెప్పింది మొదటి మెట్టుగా సరైనదే, కానీ దాని మీదే తీర్పు చెప్పకండి. 4, 11 అంటే 324 ఒక్కటే కాదు, టీఎల్084 కూడా అంతే. పాత 7473కి కూడా ప్లస్ 4, మైనస్ 11. ప్యానెల్ గారూ, కాల్చనిది ఇంకా ఒక బోర్డు ఉంది కదా, దాని మీద ముందు కాళ్లు చూసి చెప్పండి. రెగ్యులేటర్ అవుట్‌పుట్ నుంచి మీటరు బజర్ పెట్టి వెతికితే దొరుకుతుంది.

పానగల్లు_ప్యానెల్
చూసిన. 14 కాళ్లది: ప్లస్ 3, మైనస్ 12. ప్లస్ 12 వోల్టుల లైన్ నుంచి వస్తుంది. 8 కాళ్లది: ప్లస్ 1, మైనస్ 8. అది 7805 రెగ్యులేటర్ తర్వాత 5 వోల్టుల లైన్ మీద ఉన్నది.

జడ్చర్ల_555
14 కాళ్లది 339. 1, 2, 13, 14 అవుట్‌పుట్లు. వాటి నుంచి ప్లస్‌కు 10కే చుట్టుపక్కల రెసిస్టర్లు పోతున్నయా చూడు. 339కి అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, పైకి గుంజే రెసిస్టర్ లేకుంటే పనిచెయ్యది. ఉంటే ఇగ అనుమానం లేదు. 8 కాళ్లది నాకు అర్థం కాలే, ఉల్టా పెట్టి చూసినవా ఏంది?

పానగల్లు_ప్యానెల్
ఉల్టా కాదన్నా, గాటు చూసే లెక్కపెట్టిన. 1, 2, 13ల నుంచి 10కే ఉన్నయి. 14 ఊకెనే ఉన్నది.

కృష్ణాతీరం
8 కాళ్లదాంట్ల ప్లస్ 1, మైనస్ 8, 5 వోల్టులు అంటే పిక్ 12 జాతి మైక్రోకంట్రోలర్ అనుకోవాలె. 12ఎఫ్675, 12ఎఫ్629, పాతదైతే 12సీ508, అన్నీ గదే పద్ధతి. అదే అయితే నంబర్ తెలిసినా లాభం లేదు, లోపల వాళ్ల ప్రోగ్రాం ఉంటది.

రంగురాయి
నల్లగ ఎందుకు కనబడుతుందో ఎవరూ చెప్పలే. డై పైభాగం అద్దం లెక్క నున్నగ ఉంటది. యూఎస్‌బీ మైక్రోస్కోపుల ఎల్ఈడీలు లెన్సు చుట్టూ రింగుగ ఉంటయి, వెలుగు ఏటవాలుగ పడుతది. అద్దం మీద ఏటవాలుగ పడ్డ వెలుగు ఇంకో దిక్కుకు పోతది, లెన్సులకు రాదు. అంచులు, బూడిద రేణువులు మాత్రం వెలుగును అన్ని దిక్కులకు చిమ్ముతయి గనుక అవే మెరుస్తయి. వెలుగు పెంచితే లాభం లేదు. వెలుగు లెన్సు దారిలనే నిట్టనిలువుగ కిందికి పోయి, అదే దారిల పైకి రావాలె. లోహాలు చూసే మెటలర్జికల్ మైక్రోస్కోపుల ఈ ఏర్పాటు లోపలనే ఉంటది.

అది లేకుంటే బైపీసీ ల్యాబు మైక్రోస్కోపుతోటి గూడ అయితది. 4ఎక్స్ లెన్సు పెట్టు. లెన్సుకు డైకి మధ్య వేలు పట్టేంత జాగ ఉంటది. ఆ జాగల పల్చటి కవర్ స్లిప్‌ను, స్లైడు మీద కప్పే 22 మిల్లీమీటర్ల గాజు బిళ్లను, 45 డిగ్రీల వాలుగ నిలబెట్టు. అగ్గిపెట్టె అట్టను ఏటవాలుగ కోసి దానికి అంటియ్యొచ్చు. పక్క నుంచి, బల్లకు సమాంతరంగ, ఎల్ఈడీ టార్చి వెలుగు బిళ్ల మీద పడాలె. అందుల పదో వంతు కన్నా తక్కువే కిందికి తిరిగి డై మీద పడుతది, గది చాలు. మిగిలిన వెలుగంతా బిళ్లల నుంచి దాటి అవతలికి పోతది. అవతల తెల్లగోడ ఉంటే అది మళ్లా తిరిగొచ్చి బొమ్మంతా పాలు కలిపినట్టు అయితది. అందుకే టార్చికి ఎదురుగ నల్లటి కాగితమో వెల్వెట్ ముక్కనో తప్పక పెట్టాలె. సగం మంది ఈడ్నే తప్పుతరు.

స్లైడు గాజు వాడకు, మందం ఎక్కువ. వాలుగ ఉన్న మందపు గాజుల నుంచి చూస్తే గీతలు ఒక దిక్కు సాగినట్టు కనబడుతయి. కవర్ స్లిప్ 0.17 మిల్లీమీటర్లే, ఏం కాదు.

40ఎక్స్ లెన్సు ముట్టకు. దానికి డైకి మధ్య అర మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటది, బిళ్ల పట్టది.

మిర్యాల_నూకలు
కాలేజి ల్యాబుల బొద్దింక కాలు కాకుండ ఇది గూడ చూడొచ్చని ఎవ్వరూ చెప్పలేదు.

సూర్యాపేట_సోల్డర్
డై పగిలిన సంగతి చెప్పు ముందు. కాలినంక నీళ్లల్ల వేసినవా? లేకుంటే కాలు పట్టి పట్టకారుతోటి గుంజినవా?

పానగల్లు_ప్యానెల్
నీళ్లల్ల వేసిన. సుర్రుమన్నది.

సూర్యాపేట_సోల్డర్
గదే తప్పు. సిలికాన్ గాజు లెక్కనే, మందం అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. ఎర్రటిదాన్ని నీళ్లల్ల వేస్తే పగలక ఏమయితది.

నేను చెప్పేది విను. బొగ్గుల మీద పెట్టకు, బొగ్గుల మీద చిన్న స్టీలు గిన్నె పెట్టి అందుల పెట్టు. ఆ గిన్నె మళ్లా వంటింట్లకు పోవద్దు. కాళ్లు ముందే కత్తిరించు. లోహపు కాళ్లు వేడికి వంగి డైని లాగుతయి. గిన్నెల పాత టార్చి సెల్లు డొక్క నుంచి జింకు రేకు ముక్క చిన్నది వెయ్యి. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతది, గదే నీ థర్మామీటర్. కరిగిందంటే సరిపోయినట్టే, ఇగ బొగ్గులు ఊదకు. ఊదితే 577 డిగ్రీలు దాటుతది. ఆడ అల్యూమినియం సిలికాన్‌ల కలిసిపోయి లోపలి ట్రాన్సిస్టర్లే చెడుతయి. 660 దాటితే అల్యూమినియం గీతలు ముద్దయితయి. అరగంట, నలభై నిమిషాలు ఓపిక పట్టాలె. నల్ల రంగు పోయి బూడిద రంగు వస్తే జిగురు కాలిపోయినట్టు. గిన్నెతోనే చల్లారనియ్యి, గంటసేపు ముట్టకు. తర్వాత పుల్లతోటి మెల్లగ తడితే పొడిపొడిగ రాలుతది.

పొగ మంచిది కాదు. జిగురుల మంట అంటకుండా బ్రోమిన్, ఆంటిమొనీ కలుపుతరు, అవి పొగల వస్తయి. బయట, గాలి వచ్చే దిక్కున నిలబడి చెయ్యాలె, పిల్లలు దగ్గర ఉండద్దు.

రంగురాయి
ఆ తెల్ల బూడిద గురించి. ఐసీ మీది నల్లటి ప్లాస్టిక్‌ల ఎక్కువ భాగం జిగురు కాదు, సన్నటి సిలికా పొడి. జిగురు కాలిపోతే ఆ పొడే మిగులుతది. అది ఇసుక లెక్క, గుడ్డతోటి రుద్దుడంటే ఇసుక కాగితం రుద్దినట్టే. తుడవద్దు, కడగాలె. ఒక సీసా మూతల నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, అందుల డై వేసి, కళ్లద్దాలు కడిగే అల్ట్రాసోనిక్ డబ్బా ఉంటే అందుల ఆ సీసా మూతను పెట్టి ఐదు నిమిషాలు. లేకుంటే మెత్తటి పెయింటింగ్ బ్రష్ తడిపి, అదిమి పెట్టకుండా, ఒకటే దిక్కు. స్టీలు చిమ్టాతోటి డైని పట్టకు, అంచులు పెచ్చులు పోతయి. తడి బ్రష్ కొనకు అంటించుకొని ఎత్తు.

దేవరకొండ_డయోడ్
కాల్చుడు మొరటు పని. రోజిన్ వాడున్రి. టంకం పని చేసేటోళ్ల దగ్గర గడ్డలు దొరుకుతయి. బోరోసిల్ టెస్టు ట్యూబుల కాళ్లు కోసిన ఐసీ వేసి, అది మునిగి పైన రెండింతలు ఉండేటట్టు రోజిన్ వేసి, కాయిల్ హీటర్ మీద ఇసుక గిన్నె పెట్టి అందుల ట్యూబు గుచ్చాలె. 300 డిగ్రీలు దాటి రోజిన్ ఉడుకుతుంటే ప్లాస్టిక్ మెత్తబడి విడిపోతది. గంటలు పడుతది, ఒక్కోసారి పాతది వంచేసి కొత్తది వెయ్యాలె. పూర్తిగ చల్లారినంక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ల నానబెడితే రోజిన్ కరుగుతది. అల్యూమినియం గీతలకు ఏం కాదు, గీతలు పడవు.

సూర్యాపేట_సోల్డర్
మంచిదే గని రోజిన్ ఆవిరి అంటుకుంటది, అది గూడ రాయి. గ్యాసు పొయ్యి మీద చేస్తే ట్యూబు నోట్ల మంట లేస్తది. ట్యూబు పగిలితే మరుగుతున్న రోజిన్ చేతి మీద పడుతది, గుంజినా ఊడదు. కొత్తగ చేసేటోనికి నా ఓటు బొగ్గులకే.

దేవరకొండ_డయోడ్
అందుకే ఇసుక గిన్నె అన్న, కాయిల్ హీటర్ అన్న. పక్కన మూతేసి మంట ఆర్పేతందుకు స్టీలు గ్లాసు బోర్లించేటట్టు పెట్టుకోవాలె. బొగ్గులల్ల ఉష్ణోగ్రత ఎవరి చేతిల ఉంటది? జింకు కరిగినంక ఎంత పెరిగిందో నీకెట్ల తెలుస్తది?

సూర్యాపేట_సోల్డర్
అల్యూమినియం తీగ ముక్క గూడ పక్కన వెయ్యి. అది కరిగితే హద్దు దాటినట్టు. జింకు కరగాలె, అల్యూమినియం కరగొద్దు, గంతే.

రంగురాయి
రేకు అయినా తీగ అయినా 660 చెప్తది, 577 చెప్పది. అల్యూమినియం కరిగేసరికి పని ఎప్పుడో చెడిపోయుంటది. ఊదద్దన్న మాటే అసలు కాపలా.

గడియారం_గల్లీ
గింత కష్టమెందుకు, అవుసులోల్ల దగ్గర తేజాబ్ దొరుకుతది కదా. రెండు చుక్కలు వేస్తే కరగదా?

పాలమూరు_పొర
కరగదు. బంగారం పని వాళ్ల నత్రికామ్లంలో నీళ్లు ఉంటాయి. అది ప్లాస్టిక్‌ను పెద్దగా ఏమీ చేయదు కానీ రాగి కాళ్లను, డై మీద తీగలు అతికే అల్యూమినియం గడులను తినేస్తుంది. ప్రయోగశాలల్లో వాడేది పొగలు కక్కే గాఢ నత్రికామ్లం, దానికి పొగ లాగే గది, మనిషికి శిక్షణ ఉంటాయి. గోధుమ రంగు పొగ పీల్చినప్పుడు దగ్గు తప్ప ఏమీ అనిపించకపోవచ్చు, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మరిగే గంధకామ్లం కూడా ఇంట్లో వద్దు. పొరలు ఒలవడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారని చదివి అడుగుతారేమో, దాని పేరు కూడా ఈ చర్చలో వద్దు.

ఇంకొకటి. పాత రేడియో ట్రాన్స్‌మిటర్ల ఆర్‌ఎఫ్ పవర్ ట్రాన్సిస్టర్లలో తెల్ల సిరామిక్ ముక్క బెరీలియం ఆక్సైడ్ కావచ్చు. దాని పొడి పీల్చితే ఊపిరితిత్తుల జబ్బు జీవితాంతం ఉంటుంది. వాటిని పగలగొట్టకండి, అరగదీయకండి.

గడియారం_గల్లీ
సరే సార్, తేజాబ్ మాట వాపస్.

కొల్లాపూర్_కాయ
కాల్చకుండ, కరిగించకుండ డై చూడాలంటే కిటికీ ఉన్న పాత మెమరీ ఐసీలు, ఈప్రామ్‌లు తెచ్చుకో. 2716, 2732, 2764. స్టిక్కర్ పీకితే గాజు కిటికీల నుంచి గళ్లుగళ్లుగ కనబడుతది. పాత ఎస్టీడీ బూతు మీటర్లల్ల ఉంటయి. నేర్చుకునేతందుకు మంచివి.

దేవరకొండ_డయోడ్
లోపలి డాటా కావాలంటే ముందే చదివి పెట్టుకో. స్టిక్కర్ ఊకెనే పెట్టలేదు. ఎండల వారం పెడితే చెరిగిపోతది, ట్యూబులైటు కింద అయితే సంవత్సరాలు పడుతది.

మిర్యాల_నూకలు
వారం ఏ దేశపు ఎండకు? మే నెల మిర్యాలగూడ ఎండకు మనిషే చెరిగిపోతడు.

రంగురాయి
కిటికీ మధ్యల ఉంటది గనుక దగ్గరి లెన్సులు పనికిరావు, 4ఎక్స్ వరకే. నేర్చుకునేతందుకు ఇంకో మాట: పాత యాంప్లిఫయర్ల ఎస్‌టీకే మాడ్యూళ్లు. 4141 లాంటిది కాలిపోయింది ఏ దుకాణంల అడిగినా ఇస్తరు. హాట్ ఎయిర్ తోటి అంచు వెచ్చబెట్టి బ్లేడు దూర్చితే మూత లేస్తది. లోపల అల్యూమినియం పలక మీద డైలు విడివిడిగ, తీగలతో సహా కంటికే కనబడుతయి. ఏ ట్రాన్సిస్టర్ పేలిందో నల్లటి మచ్చ చెప్తది.

జడ్చర్ల_555
గిదైతే పనికొచ్చేది. మచ్చ చూసి తప్పు చెప్పుడు.

పానగల్లు_ప్యానెల్
మూడోదాన్ని సోల్డర్ అన్న చెప్పినట్టు స్టీలు గిన్నెల చేసిన. జింకు కరిగినంక నలభై నిమిషాలు, గిన్నెతోనే చల్లార్చిన. డై నిండుగ వచ్చింది. కడిగి ఆరబెడితే మీద తెల్ల చుక్కలు వచ్చినయి, బూడిద కాదు, గుండ్రంగ ఉన్నయి.

కృష్ణాతీరం
ఏ నీళ్లు?

పానగల్లు_ప్యానెల్
బోరు నీళ్లు.

కృష్ణాతీరం
నల్గొండ బోరు నీళ్లు ఆరితే గ్లాసు మీదనే సున్నం పూసినట్టు అయితది. బ్యాటరీ దుకాణంల డిస్టిల్డ్ వాటర్ తెచ్చి మూడుసార్లు కడుగు, చివరికి ఐసోప్రొపైల్ ఒక చుక్క, ఊదకు, వాలుగ పెట్టి ఆరనియ్యి.

గడియారం_గల్లీ
మన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్నది కదా, డై మీది గాజు పొర కరుగుతదా?

పాలమూరు_పొర
కరగదు. తాగితే ఎముకలకు చేటు చేసే ఫ్లోరైడ్ అయినా, లీటరులో కొన్ని మిల్లీగ్రాములే. గాజును తినాలంటే ఆమ్ల రూపంలో, ఎన్నో రెట్లు గాఢంగా ఉండాలి. మచ్చలు ఆరిన లవణాలవి మాత్రమే.

పానగల్లు_ప్యానెల్
మచ్చలు పోయినయి. మా చెల్లె కాలేజి మైక్రోస్కోపుకు కవర్ స్లిప్ పెట్టిన, అవతల నల్ల గొడుగు గుడ్డ. కనబడింది! గులాబి, ఆకుపచ్చ రంగుల మీద తెల్లటి దారులు. కాకపోతే ఒక పక్క స్పష్టంగ ఉంటే ఇంకో పక్క మసక.

రంగురాయి
డై వాలుగ ఉన్నది. 3 మిల్లీమీటర్ల డై ఒక్క డిగ్రీ వంగినా రెండంచుల మధ్య 50 మైక్రాన్ల ఎత్తు తేడా వస్తది, ఇంకొంచెం వంగితే లెన్సు అంత లోతు పట్టది. స్లైడు మీద పిల్లల ఆటమట్టి ఉండ పెట్టి, దాని మీద డై పెట్టి, పైన పల్చటి కాగితం, ఆ పైన ఇంకో గాజు పలక అడ్డంగ పెట్టి స్లైడుకు సమాంతరంగ నొక్కు. మధ్యల కాగితం లేకుంటే డైకి గీతలు.

ఫోన్‌ తోటి ఫొటో తీసేటప్పుడు ఎక్స్‌పోజరు, రంగు రెండూ లాక్ చెయ్యి, లేకుంటే ముక్కలు అతికించినప్పుడు బొంత లెక్క కనబడుతది. ఒక్కో ఫొటో పక్కదాన్ని మూడో వంతు కప్పాలె. అతికించేతందుకు హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

ఆ రంగులు రంగులు కావు. ఆక్సైడ్ పొర పైనుంచి, అడుగు నుంచి తిరిగొచ్చే వెలుగులు కలిసి, పొర మందాన్ని బట్టి కనబడుతయి, నీళ్ల మీద నూనె పొర లెక్క. అందుకే ఒకటే ఐసీ వేరే బ్యాచిల వేరే రంగుల ఉండొచ్చు. రంగు చూసి ఐసీని గుర్తుపట్టకు.

పాలమూరు_పొర
ఇప్పుడు చదవడం. 339 అయితే ఒకే రూపం నాలుగుసార్లు, అద్దంలో తిప్పినట్టు, నాలుగు మూలలకు సర్ది ఉంటుంది. 324 కూడా అలాగే ఉంటుంది, అందుకే తేడా ముఖ్యం. 324లో ప్రతి యాంప్లిఫయర్‌కూ లోపల చిన్న కెపాసిటర్ ఉంటుంది. డై మీద అది ఏ గీతలూ లేని వెడల్పైన లోహపు పలకలా కనిపిస్తుంది, నాలుగు పలకలు. 339 పోలిక చూసే సర్క్యూట్, దానికి ఆ కెపాసిటర్ అక్కర్లేదు. పలకలు లేకపోతే 339. 741 డై ఎప్పుడైనా చూస్తే అందులో 30 పికోఫారడ్ల కెపాసిటర్ మిగతా అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది, అదే పద్ధతి.

అంచుల్లో అక్షరాలు వెతకండి. డై మీది నంబరు పైన ముద్రించే నంబరు ఒకటే కానక్కర్లేదు. వలయంలో ఎం అనే అక్షరం ఉంటే అది డిజైన్ హక్కు గుర్తు, అమెరికాలో 1984లో వచ్చిన చట్టం తర్వాతది. మన దేశంలో ఇలాంటి చట్టం 2000లో వచ్చింది. డై మీది సంవత్సరం డిజైన్ గీసిన సంవత్సరం, తయారైంది కాదు. ప్యాకేజీ మీది తేదీ కోడ్ డై మీది సంవత్సరం కంటే పాతదైతే మాత్రం ఆ ఐసీ దొంగది.

కొలత కావాలంటే స్కేలు కొనొద్దు. తీగ ముక్క ఏదైనా అంటుకుని మిగిలితే సన్న బంగారు తీగ సాధారణంగా 25 మైక్రాన్లు. దాని పక్కన పెట్టి లెక్కవేయండి.

పానగల్లు_ప్యానెల్
నాలుగు మూలలు ఒకటే లెక్క ఉన్నయి. వెడల్పు పలకలు లేవు. మూలకు రెండక్షరాలు, ఒక నంబర్ ఉన్నయి, మీద గీత పడి చదవరాలే. 339 ఖాయం.

ఇంకొకటి. ఒక అంచున తీగ గడి పక్కన లోహం దారి తెగి గుంట పడ్డది, చుట్టూ నల్లగ. కాల్చుడుకు అయ్యిందా?

జడ్చర్ల_555
ముందు తీసిన డై, గీతలు పడ్డది, తీసి చూడు. అదే జాగల ఉన్నదా?

పానగల్లు_ప్యానెల్
ఉన్నది!! అదే గడి పక్కన. నూకల్ల గూడ చూసిన, ఆ ముక్క మీద గూడ ఉన్నది.

మిర్యాల_నూకలు
నూకలు గూడ పనికొచ్చినయి చూసిన్రా.

రంగురాయి
కాల్చినందుకైతే డై అంతటా ఒకటే తీరుగ చెడుతది. మూడింటి మీద ఒకటే జాగల అంటే బయట నుంచి ఆ కాలు గుండ వచ్చిన దెబ్బ. ఇప్పుడు ఆ గడి ఎన్నో కాలో తేల్చాలె. గడులు డై చుట్టూ కాళ్ల వరుసలనే ఉంటయి. అన్నిటికన్నా వెడల్పు లోహపు దారి, డై అంతా తిరిగేది, మైనస్, అంటే 12. ఇంకో వెడల్పు దారి ప్లస్, అంటే 3. ఆ రెండూ ఎదురెదురుగ ఉంటయి. ఆడ నుంచి లెక్కపెట్టు. దిక్కు తెలవాలంటే: ప్లస్‌కు ఒక పక్కన రెండు అవుట్‌పుట్ గడులు వరుసగ, అంటే 2, 1. వాటికి పెద్ద ట్రాన్సిస్టర్ పక్కనే ఉంటది. ఇంకో పక్కన 4 నుంచి ఇన్‌పుట్లు.

పానగల్లు_ప్యానెల్
ప్లస్ నుంచి ఇన్‌పుట్ల దిక్కు రెండోది. అంటే 5. బోర్డు మీద 5వ కాలుకు ఆర్ ఫేజ్ నుంచి 4007 డయోడ్, 470కే రెసిస్టర్ ఒక్కటే, పావు వాట్‌ది. కిందికి ఒక 10కే, కెపాసిటర్. వై, బీ ఫేజులకు గూడ అదే తీరు, గని అవి చెడలే.

కృష్ణాతీరం
పావు వాట్ కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్‌కు వాట్లే కాదు, వోల్టేజి హద్దు గూడ ఉంటది, మామూలుగ 250. ఉరుముకు లైన్ల వచ్చే దెబ్బకు దాని మీద నుంచే దూకుతది. 470కే తీసి 150కే మూడు వరుసగ పెట్టు, ఒకదాని పక్కన ఒకటి కాకుండ పొడుగ్గ. కొంచెం తేడా వస్తది, ట్రిప్పు ప్రీసెట్ తిప్పుకుంటే సరి. 5వ కాలు నుంచి ప్లస్‌కు ఒక 4148 డయోడ్, మైనస్ నుంచి కాలుకు ఒక 4148 పెట్టు. 339 ఇన్‌పుట్ మైనస్ కన్నా బాగ కిందికి పోవద్దు.

సూర్యాపేట_సోల్డర్
లైన్‌ల ఎంఓవీ గూడ పెట్టు, వోల్టేజి దెబ్బను మింగే బిళ్ల. ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య 14డీ511, 431 వద్దు. మన ఊర్లల్ల రాత్రి వోల్టేజి ఎక్కువొస్తది, 431 అదే కాలిపోతది. ఎంఓవీకి ముందు ఫ్యూజు ఉండాలె. న్యూట్రల్ తెగితే ఎంఓవీ మీద 415 దాకా పడుతది, ఫ్యూజు లేకుంటే ప్యానెలే అంటుకుంటది.

జడ్చర్ల_555
పగలగొట్టుడెందుకు అన్నది నేనే. ఐసీ పేరుకైతే ఇప్పటికీ అదే మాట, మీటరు తోటే తేలింది. ఏ కాలు నుంచి చచ్చిందో మాత్రం మీటరు చెప్పకపోవు, మూడింట్లనైతే అస్సలు చెప్పకపోవు.

పాలమూరు_పొర
339 బదులు 2901 వేయండి. కాళ్లు అవే, లోపలి డిజైన్ కూడా అదే, వేడికి నిలబడే హద్దు మాత్రం వేరు. 339కి 70 డిగ్రీల వరకే, 2901కి కనీసం 85 దాకా. పొలంలో రేకు డబ్బా, మధ్యాహ్నం ఎండ, లోపల కాంటాక్టర్ కాయిల్ వేడి. 70 దాటడం వింత కాదు.

గడియారం_గల్లీ
మరి 8 కాళ్లది? డై చూసి ప్రోగ్రాం చదవొచ్చు కదా, గీతలు కనబడుతున్నయి కదా.

రంగురాయి
ఆ డై చూస్తే ఒక మూల గళ్ల లుంగీ లెక్క ఒకటే తీరు గడులుంటయి, అది మెమరీ. మిగతాది బస్టాండు లెక్క కిక్కిరిసి ఉంటది. గళ్లు కనబడితే మైక్రోకంట్రోలర్ అని తెలుస్తది, గంతవరకే. 12ఎఫ్ జాతిల ప్రోగ్రాం ఫ్లాష్‌ల ఉంటది, అంటే లోపల చిక్కిన విద్యుదావేశం. లోహం గీత కాదు, కంటికి కనబడది. కాల్చినంక అదీ ఉండది. కంపెనీలనే ప్రోగ్రాం అచ్చుపోసిన పాత మాస్క్ రోమ్‌లల్ల కొన్నిట్ల బిట్లు గీతలుగ ఉంటయి, అవి వేరు.

కృష్ణాతీరం
ప్రోగ్రామర్ పెట్టి చదువుదామన్నా ప్రొటెక్షన్ బిట్ పెట్టి ఉంటరు. ఆ బిట్ తీసేస్తే ప్రోగ్రాం అంతా చెరిగిపోతది. నంబర్ గీకినోడు అది మర్చిపోతడా. అయినా 8 కాళ్లది చచ్చిందని ఎవరన్నరు? దెబ్బ 339 కాడనే ఆగి ఉండొచ్చు. ఒక్క బోర్డు మీద 2901 సాకెట్‌తోటి వేసి చూడు, 7805 అవుట్‌పుట్ 5 ఉన్నదా చూడు, తర్వాత మాట్లాడుదాం. ఆ 8 కాళ్లదాన్ని మాత్రం కుంపట్ల వెయ్యకు.

పానగల్లు_ప్యానెల్
2901 వేసిన, సాకెట్‌తోటి. 150కే మూడు, 4148 రెండు. 12 వోల్టులు ఇస్తే ఎల్ఈడీ మినుకుమినుకుమన్నది, మూడు ఫేజులు ఇస్తే నాలుగు సెకన్లకు రిలే పట్టింది. ఆర్ తీసేస్తే విడిచింది. రెండో బోర్డు గూడ అంతే. మూడోదాంట్ల 7805 నుంచి 5 వస్తలేదు, మార్చాలె. 8 కాళ్లది ఎట్లుందో దాని తర్వాతే తెలుస్తది. ఎంఓవీలు రేపు తెస్త. 14డీ511 ఈడ దొరకకపోతే 20డీ511 వేస్తే నడుస్తదా?

సూర్యాపేట_సోల్డర్
నడుస్తది, ఇంకా గట్టిది. బోర్డు మీద పట్టకుంటే టెర్మినల్ కాడనే బిగియ్యి, కాళ్లకు స్లీవు తొడుగు.